సీటు మీద పసుపు చేయి

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్తాను. పుట్టుబుద్ధి. పొలం గట్టు మీద కనిపించిన పాము మా ఇంటి గుమ్మం చేరేలోపు గజమైనా ఎదుగుతుంది. ఇన్నాళ్లూ దీనివల్ల లోకానికి నష్టమేమీ జరగలేదు. నేను ముందు గదిలో కూర్చుని "పదడుగుల పాము" అనగానే వంటింట్లోంచి మా ఆవిడ "మూడు" అనేది. గొంతు కూడా పెంచేది కాదు, పోపు మాడకుండా చూసుకుంటూనే అనేది. వచ్చినవాళ్లు కథ నా దగ్గర, కొలత ఆమె దగ్గర తీసుకుని సంతోషంగా వెళ్లేవాళ్లు. ఆమె పోయాక మా ఇంట్లో పాములు ఇష్టమొచ్చినట్టు పెరుగుతున్నాయి.

మొన్న అంకాపూర్ నుంచి ఒకాయన మా పాత జీపు చూడటానికి వచ్చాడు. మా అక్క పంపింది. "షెడ్డుల వెట్టి పూజ జేస్తవా ఏంది తమ్మీ? తుప్పు వట్టి పోతది. ఎవలకన్న ఇచ్చెయ్" అని ఫోన్లో పోరి పోరి నాతో సరే అనిపించింది. వచ్చినాయన బానెట్ ఎత్తాడు, టైర్లు తన్నాడు, తలుపు తీసి ఆగిపోయాడు. డ్రైవర్ సీటు పైఅంచున, తెల్ల కవరు మీద పసుపు చేయి ముద్ర, ఐదు వేళ్లతో. "గిదేందన్నా? బండిపూజల కొబ్బరికాయ కొడ్తరు గని, గిట్ల చెయ్యి అద్దుతరా?" అన్నాడు. ఆయనకు చెప్పలేదు. మీకు చెప్తాను.

ఆ ముద్ర పడ్డ ఏడాది మా పసుపంతా ఆర్మూర్ మార్కెట్‌కు చేరిపోయింది. ఉడకబెట్టి, ఆరబోసి, నెలల తరబడి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్లు మామూలుగా అయితే ఇంట్లో పడి నిద్రపోతారు. మా ఆవిడ మాత్రం, "పసుపునేమో ఇన్ని రోజులు ఆరుబయట పండవెట్టినం. ఒక్క రాత్రన్న మనం గూడ పండుదాం" అన్నది. ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం నేను విన్నది అదే మొదలు. అక్కా బావా మేమూ, నలుగురం ఈ జీపులోనే బయలుదేరాం. స్టీరింగ్ బావది. మా బావకు తారు రోడ్డంటే చిన్నచూపు. రోడ్డు మీద ఎవడైనా నడుపుతాడని ఆయన వాదన. కమ్మర్‌పల్లి దాటీ దాటగానే అడవిలోకి తిప్పాడు. ఆ దారిలోని గుంతల్లో ఒక్కొక్కదానికి ఒక సర్పంచ్‌ను ఎన్నుకోవచ్చు. ఒక గుంతలో దిగినప్పుడు సూర్యుడు అస్తమించాడు, పైకెక్కగానే మళ్లీ ఉదయించాడు. అంకాపూర్‌లో కట్టించుకున్న నాటుకోడి కూర డబ్బాలోంచి ఎగిరి, బావ నెత్తి మీద కాసేపు విశ్రాంతి తీసుకుని, అక్క ఒడిలోకి దిగింది. "నీ డ్రైవింగ్‌ల మన్ను వొయ్య! సచ్చిన కోడి గూడ ఎగురుతున్నది!" అన్నది అక్క.

ఎండిన వాగు పక్కన ఆగాం. టెంటు మా దగ్గర ఎక్కడిది? పసుపు ఆరబోసే టార్పాలిన్ ఉంది. నాలుగు గుంజలు పాతి దాన్నే కప్పాం. విదిలించి కప్పాలన్న ఆలోచన నలుగురిలో ఒక్కరికీ రాలేదు. పసుపు దుమ్ము వేరేవాళ్లకు దుమ్ము, మాకు గాలి. అది కంటికి ఆనదు. చీకటి పడ్డాక వాన మొదలైంది. టార్పాలిన్ కుట్లలోంచి చుక్కలు మా మీద పడుతూనే ఉన్నాయి. అలసిపోయి ఉన్నాం, అలాగే పడుకున్నాం. తెల్లారి లేచి చూస్తే నలుగురమూ నెత్తి నుంచి మడమ దాకా పసుపు. బావ మీసం బంగారంతో చేయించినట్టుంది. మమ్మల్ని చూసి అడవిలో నెమలి ఒకటి సిగ్గుపడి తోక ముడుచుకుంది.

అసలు కష్టం జీపుది. వాగు ఇసుకలో చక్రాలు సగం దాకా దిగిపోయాయి. "తేలికున్నోళ్లు స్టీరింగ్ వట్టాలె, బరువున్నోళ్లు నూకాలె" అన్నాడు బావ. "అంటే నేను బరువున్ననా?" అన్నది అక్క. బావ వినపడనట్టు మా ఆవిడను సీట్లో కూర్చోబెట్టాడు. ఆమె అంతకుముందు సైకిల్ కూడా తొక్కలేదు.

"బ్రేకేదన్నా?"

"దాంతోని నీకు పనిలేదు చెల్లె. ముందటికే పో."

పోయింది. ఇసుకలోంచి జీపు ఎగిరి బయటపడింది, ఆగలేదు. వెనక మేం ముగ్గురం, పసుపు మనుషులం, పరుగు. ఆమె సీటు అంచును ఒక చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగి, పగలబడి నవ్వుతూ, "ఎక్కుండ్రి! ఆపుడు నాకు జెప్పలే!" అని అరిచింది. ఆ జీపు దానంతటదే ఒక గట్టుకు తగిలి ఆగేదాకా ఆమె నవ్వు ఆగలేదు. తిరిగొస్తుంటే పెర్కిట్‌లో టీ కొట్టాయన మమ్మల్ని ఎగాదిగా చూసి "ఎవలి పెండ్లే?" అని అడిగాడు. మా ఆవిడ నన్ను చూపించి, "గీయనదే. పిల్ల దొరకక జర ఆలస్యమైంది" అన్నది.

తర్వాత ప్రతి ఏడాదీ పసుపు అమ్మగానే "మళ్ల పోదామా?" అనేది. ఒక ఏడాది వానలు, ఒక ఏడాది బావ మోకాళ్లు. ఒక ఏడాది ఆమె దవాఖానలో ఉంది. ఆ పైన అడగలేదు.

అంకాపూర్ ఆయన సీటు మీద తట్టి, "బండి మస్తున్నదన్నా. కవరొక్కటి మార్చుకుంట" అన్నాడు. అప్పుడు నా నోరు దాని పని అది మొదలుపెట్టింది. జీవితమంతా ఆ జీపు గొప్పలు చెప్పినవాణ్ని, దాని లోపాలు చెప్పడం మొదలుపెట్టాను. డీజిల్ తాగదు, స్నానం చేస్తుందన్నాను. బ్రేకు ఇవాళ తొక్కితే రేపు పడుతుందన్నాను. ఎవరి చావుకు వెళ్లినా హారన్ దానంతటదే మోగుతుందన్నాను. వెనక గేరు వేస్తే వంద సార్లలో తొంభై సార్లు ముందుకే పోతుందన్నాను. అలా అంటూ అంటూ, అలవాటుకొద్దీ ఆగి, వంటింటి వైపు ఒక చెవి వేశాను. లోపల ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది. నా మాటలన్నీ అలాగే నిలబడిపోయాయి. "వద్దన్నా, నాకు పిల్లలున్నరు" అని ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం అక్క ఫోన్ చేస్తే, "ఆయనకే నచ్చలేదక్కా" అన్నాను.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదంటే, మీరనుకునేది కాదు. కోడి కొంచెమే ఎగిరింది. పెర్కిట్ మాట అక్షరాలా ఆమెదే. ఆ నవ్వును నేను పెంచలేదు, పెంచడం నా వల్ల కాదు. కల్పించింది సీటు మీది ముద్ర. పసుపు మరక ఎండ ముందు నిలవదని మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. ఆమె ఉన్న రోజుల్లోనే అది సగం వెలిసిపోయింది. మనిషే ఇంట్లో తిరుగుతుంటే మరకను చూసుకునేదెవరు? ఆమె పోయాక చూస్తే వేళ్ల జాడ మాత్రం మిగిలింది. అప్పటినుంచి ఏటా కొత్త పసుపు ఇంటికి రాగానే చిటికెడు తడిపి, ఆ జాడ మీద నేనే నా చెయ్యి అద్దుతున్నాను. నాది పెద్ద చెయ్యి. ఏడాది గడిచిన కొద్దీ ఆమె చెయ్యి పెద్దదవుతోంది, "గింత లేదు" అని లోపలినుంచి చెప్పే మనిషి లేదు.