నా పురుగులు తాగిన నీళ్ళు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బాపట్లలో ఎమ్మెస్సీ చదువుతూ లోకాన్ని శుభ్రం చేసే పనిలో ఉన్నాను. స్కూటర్ సామాన్లకు మెరుపు తెచ్చే క్రోమియం మురుగులోకి పోతే విషం. ఆ మురుగు బురదలోనే బతికే సూక్ష్మజీవులు ఆ విషాన్ని విరిచేస్తాయని నిరూపించడం నా ప్రాజెక్టు. పాసవుతానా లేదా అన్నది దాని మీదే ఉంది.

మా రేపల్లె నుంచి వస్తూ ప్రతి సోమవారం తెనాలిలో రైలు మారాలి. అక్కడ స్టేషన్ దగ్గర క్రోమియం పూత పూసే ఒక భాయ్ దుకాణం ఉండేది. బురద ఆయన కాలవలోదే, విషపు నీళ్ళూ ఆయన తొట్టిలోవే. మొదటిసారి నా ఎదుటే డబ్బా నింపాడు. నీళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి.

"ఆ పురుగులకి ప్రాణం ఉంటుందా బాబూ?" అని అడిగాడు.

"ఉంటుంది భాయ్. ఈ నీళ్ళు తాగే బతుకుతాయి," అన్నాను. పాఠం చెప్పే అవకాశం వస్తే వదిలేవాణ్ణి కాదు.

తర్వాతి వారం నుంచి నేను వెళ్ళేసరికే డబ్బా నింపి, మూత బిగించి, తుడిచి ఉంచేవాడు. రైలు అందుకోవాలి కదా, అదీ నయమే అనుకున్నాను.

ఇక నా పురుగులు చెలరేగిపోయాయి. పరీక్ష మందు చుక్క వేస్తే క్రోమియం ఉన్న నీళ్ళు ఊదారంగు తిరగాలి. నా సీసాల్లో ఆ జాడే లేదు. పైగా అడుగున పచ్చటి మడ్డి పేరుకుంది. అది విరిగిపడిన లోహమేనని రిపోర్టులో రెండు పేజీలు రాసిపారేశాను.

వైవాకు వారం ముందు మా మేడం రిపోర్టు తిరగేస్తూ, "పురుగుల్ని వేయకముందు నీళ్ళు పరీక్షించావా?" అన్నారు. మొదటి డబ్బా తప్ప ఏదీ పరీక్షించలేదు. ఆ వారం తెచ్చిన డబ్బా తెరిచి చుక్క వేశాను. ఊదారంగు రాలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మా వంటింటి వాసన.

తెనాలి బండెక్కి తిన్నగా దుకాణానికి పోయాను. డబ్బా ఆయన ముందు పెట్టాను.

"ఏంటి భాయ్ ఇది? నా చదువు ముంచేశారు కదండీ."

ఆయన నొచ్చుకున్నాడు. "బోరు నీళ్ళేనండి. రంగు లేకపోతే మీరు ఒప్పుకోరని చిటికెడు పసుపు కలిపాను. ప్రాణమున్నవన్నారు కదా బాబూ. తెలిసి తెలిసి వాటి చేత ఆ విషం ఎలా తాగిస్తామండి?"

ఈసారి డబ్బా నేనే నింపుకుంటానని తొట్టి మీదికి వంగాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేళ్ళ మీద మానని చిన్న చిన్న గుంటలు. మూడు నెలలుగా ఆ చేతుల్లోంచే డబ్బా అందుకుంటున్నాను, ఒక్కనాడూ చూడలేదు.

"మీరు ముట్టుకోకండి బాబూ, చర్మం తినేస్తుంది," అని ఒట్టి చెయ్యి తొట్టిలో ముంచి ఆయనే నింపి ఇచ్చాడు.