బావి దగ్గర బ్యాకప్ ఎవరు?

ఆ రోజుల్లో మాదాపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాణ్ణీ జనం సర్వజ్ఞుడనుకునేవారు. ఆ అపోహ తొలగించే బాధ్యత నాది కాదని నేనూ అనుకునేవాణ్ణి. ఆఫీసులో నా పనల్లా ఎవరో రాసిన మాన్యువళ్ళకు మార్జిన్లు సరిచేసి, పేజీ నంబర్లు వేయడం. నేను కిరాయికున్న ఇంట్లో మాత్రం, నా చెయ్యి పడందే విదేశాల్లో ఒక్క యంత్రమూ కదలదని చెప్పి ఉంచాను. (ఓనరు గారు దీన్ని వీధంతా చెప్పేటప్పుడు యంత్రాలతో పాటు రెండు విమానాలు కూడా కలిపారు. నేను వారించలేదు.)

ఆ గొప్పలు నమ్మిన మొదటి మనిషి ఓనరు గారి కోడలు. నేను అక్కా అనేవాణ్ణి. ఆవిడ దూరవిద్యలో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. చివరగా మిగిలింది ఒక నవల మీద వ్యాసం. రాసి, డీటీపీ చేయించి ఇస్తే, పేజీల అమరిక సరిగా లేదని స్టడీ సెంటర్‌లో సారు తిప్పి పంపాడు. మర్నాడు సాయంత్రమే ఆఖరి గడువు. ఎం.ఏ. అయితే నార్సింగిలో ఒక బడిలో టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే ఏమవుతుందో మామగారు ముందే చెప్పేశారు: "ఈసారి గిట్ల పోయిందనుకో, ఇగ పుస్తకాలు అటక మీదికే బిడ్డా."

మర్నాడు పొద్దున్నే అక్క పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. "తమ్మీ, జర నువ్వే సక్కగ చెయ్యాలె. నాకు పరేషాన్‌గున్నది."

"ఫికర్ పడకండి అక్కా, ఇలాంటివి నేను నిద్రలో చేస్తాను" అన్నాను.

"నిద్రల వద్దు తమ్మీ, మెలకువ మీదనే చెయ్యి."

ఆ నవల కథ ఇదీ: ఒకావిడ భర్త బావి తవ్వుతూ చనిపోతాడు, కరువుకు ఊరంతా వలస పోతుంది, ఆవిడ మాత్రం ఆ బావి దగ్గరే ఉండిపోతుంది. ఇదంతా అక్క వ్యాసంలోంచి నేను గ్రహించిందే. మధ్యాహ్నానికల్లా అట్టపేజీ, శీర్షికలు, విషయసూచికతో దాన్ని పెళ్ళికూతుర్ని చేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మా ఆఫీసులో ఏ కాగితమూ పక్కవాళ్ళు 'రివ్యూ' చేయందే గడప దాటదు. తప్పు పట్టనివాడు చదవనట్టే లెక్క. అలవాటు కొద్దీ టీమ్‌కు పంపేశాను. వాళ్ళూ అలవాటు కొద్దీ, బావిని కూడా సాఫ్ట్‌వేరే అనుకుని, పక్కన ఎర్ర డబ్బాల్లో ప్రశ్నలు కురిపించారు.

ఆ డబ్బాలు తీసేయాలన్న సంగతి, నా మార్జిన్ల అందం చూసుకుంటూ మరిచిపోయాను. అలాగే ప్రింటు తీసి, స్పైరల్ కొట్టించి, అక్కను బండి వెనక ఎక్కించుకుని సెంటర్‌కు తీసుకెళ్ళాను. అప్పటికే సారు సంచీ సర్దుకుంటున్నాడు. కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగి, కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు: "భర్త బావిలోకి దిగినప్పుడు బ్యాకప్ ఎవరు?"

అక్క నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఈ సమస్యను సర్పంచి దాకా ఎందుకు ఎస్కలేట్ చేయలేదు?" సారు ఇంకో పేజీ తిప్పాడు. "ఏందమ్మా ఇది? ఎవలు రాసిండ్రు?"

"మా కిరాయి పిల్లగాని ఆఫీసోళ్ళు సార్." అక్క గబగబా చెప్పింది. "వాళ్ళు నవల సదువలే."

"సదువకుండనే గిన్ని అడిగిండ్రా? సదివినోళ్ళు ఒక్కటన్న అడగరు!" సారు సంచీ కింద పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. "మరి నువ్వు చెప్పు. ఊరంత పోయింది గద, ఆమె ఎందుకు పోలే?"

అక్క నన్ను వదిలేసి సారు వైపు తిరిగింది. "మొగడు పానం ఇడిసిన బాయిల నీళ్ళు పడ్డయి సార్. ఆమె గిట్ల పోతే ఆ నీళ్ళు ఎవలు తాగాలె? అందరు ఆమెకు దిక్కులేదంటరు. దిక్కులేక కాదు సార్, జిద్దు మీద, పట్టువట్టి ఉన్నది."

"ఈ మాట వ్యాసంల ఏది?"

"గింత సూటిగ రాయొచ్చని నాకు తెల్వది సార్."

సారు పెన్ను ఆమె ముందుకు తోశాడు. "ఆ ఎర్ర డబ్బా కిందనే రాయి. నేను కూసుంట." అక్క రాసింది. సారు సంతకం పెట్టాడు. బయటికొచ్చాక నేను, ఇదంతా ముందే ఆలోచించి చేశానని చెప్పబోయాను. "నోర్ముయ్ తమ్మీ" అని, ఏడుస్తూనే నవ్వింది.

ఇప్పుడు అక్క పుప్పాలగూడలో ఒక బడికి పెద్ద టీచరు. ఈమధ్య వెళ్తే, "బాయి నవల మీద నా వ్యాసం సవరించింది ఈయననే" అని అక్కడి పంతులమ్మలకు పరిచయం చేసింది. ఒకావిడ భక్తిగా, "ఆ నవల మీకు అంత ఇష్టమా అండీ?" అని అడిగింది. "ప్రాణం" అన్నాను. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కకు తెలుసు, నేనింతవరకూ ఆ పుస్తకం తెరవలేదని. బద్ధకం ఒక కారణమే. ఇంకోటి అక్కకు చెప్పలేదు. ఆ బావి దగ్గర నిలబడ్డ మనిషి నాకు అక్క మొహంతోనే తెలుసు. పేజీ తిప్పితే ఇంకెవరైనా కనిపిస్తారేమోనని, ఈ వయసులోనూ చిన్న భయం.