కాలు మోపని నెలలు

మగ్గం గుంతలోంచి లేస్తుంటే కుడి గజ్జలో సూది గుచ్చినట్టయింది. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ధర్మవరంలో మా ఇంట్లో నాయన చీర నేస్తుంటే పక్కన కూర్చుని అంచు వైపు నాడె, అంటే దారమున్న చిన్న పడవలాంటి పనిముట్టు, విసరడం నా పని. నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీలో రాసుకుని ఊరుకున్నాను. మూడు నెలలకు కుంటడం మొదలైంది.

అనంతపురంలో ఎక్స్‌రే, ఎమ్మారై తీశారు. ఎవాస్క్యులర్ నెక్రోసిస్ అట. తుంటి ఎముకకు రక్తం అందడం లేదు. చిన్నప్పుడు కీళ్ల జబ్బుకు మింగిన స్టెరాయిడ్లు కారణం కావచ్చన్నారు. హిప్ రీప్లేస్‌మెంట్ చేశారు, పాడైన కీలు తీసి లోహపు ఇంప్లాంట్ పెట్టారు.

"వాకర్ పట్టుకుని నడవమ్మా, కాలి మీద బరువు పెట్టు" అన్నారు డాక్టర్. అమ్మ అప్పుడు మందుల కోసం కిందికి పోయి ఉంది.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను బాలింతను చూసినట్టు చూసింది. తలుపులు మూసిన గది, చెవులకు గుడ్డ, పత్యం, మంచం.

"డాక్టర్ నడవమన్నాడమ్మా" అన్నాను ఒకసారి, మెల్లగా.

"పచ్చి ఒళ్లు. ఆయప్పకేం తెలుసు, కనింటాడా పెంచింటాడా?"

ఎదురు చెప్పడం నాకు రాదు. గోడ అవతల మగ్గం ఆడేది. అంచు దగ్గరకొచ్చేసరికి ఒక్క క్షణం ఆగేది. నా వైపు నాడెకు నాయనే వంగుతున్నాడని తెలిసేది. పుస్తకం తెరిచి పెట్టుకుని ఆ ఆగడమే వినేదాన్ని.

ఐదో నెలలో తొడ నొప్పి వచ్చింది. ఎముక గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ చేశారు. ఇంప్లాంట్ కదల్లేదు కానీ చుట్టూ ఎముక పలచబడింది.

"బరువు ఇంప్లాంట్ మోస్తుంది కాబట్టి పక్క ఎముక కొంత తగ్గడం మామూలే. నీకు మరీ ఎక్కువ తగ్గింది. కాలు వాడలేదా?" అన్నారు డాక్టర్. విటమిన్ డి కూడా బాగా తక్కువ. "ఎండలు మండే ఈ జిల్లాలో ఉండి ఒంటికి ఎండ తగల్లేదంటే ఎట్లమ్మా?"

"నేనే సార్, బయటికి పోనీలేదు" అంది అమ్మ.

తిరిగొచ్చి ధర్మవరంలో బస్సు దిగేటప్పుడు అమ్మ "నా భుజం వదిలి, కాలు మోపి దిగు" అంది.

ఆపరేషన్ అయి ఇప్పటికి ఏడాదిన్నర. పొద్దున ఎండలో అమ్మతో రెండు వీధులు నడుస్తాను. పలచబడడం ఆగింది. పోయిందంతా తిరిగి రాదట. మగ్గం గుంతలోకి దిగే సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నారు డాక్టర్. అందాకా కుర్చీలో కూర్చుని నాడెలో పెట్టే కండెలకు దారం చుడతాను. నాయన టీకి పోయినప్పుడు మగ్గం దగ్గర నిలబడి, నేసినంత మేర చెయ్యి పెట్టి చూస్తాను. మొన్న ఆయన చూడనే చూశాడు.

"ఆ చోటు ఎవురికీ ఇయ్యలేదులే పాపా" అన్నాడు.

ఈ ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు ఒక్కటే చెప్తాను. కాలి మీద ఎప్పుడు, ఎంత బరువు పెట్టాలో డాక్టర్ చెప్పేటప్పుడు, ఇంట్లో మిమ్మల్ని చూసుకునే మనిషి పక్కనే ఉండాలి. లేకపోతే, ఆ మనిషి వచ్చాక మళ్లీ చెప్పమని అడగండి. నేను సిగ్గుపడి అడగలేదు.