కొట్టం కొలతలు

మొన్న ఓర్వకల్లు దాటాక హోటల్లో కాఫీకి ఆగితే, గల్లా పక్కన అద్దాల పెట్టెలో చిన్న పల్లె కనిపించింది. అంతా ప్లాస్టిక్కే. అందులోని పశువుల కొట్టమైతే ఒక్క ఎండాకాలమూ చూడనట్టు మెరుస్తోంది. అలాంటి బొమ్మ కొట్టం చేయబోయి నేను ఒకప్పుడు సొంత చిన్నాయన కళ్ళకు దొంగనయ్యాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. టీచరు ట్రైనింగులో తలా ఒక నమూనా చేసి తెమ్మన్నారు. మా ఊరు ఆలూరు పక్కన. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆయనా చిన్నాయనా కలిసి కట్టిన కొట్టం పంపకాలు కాక చిన్నాయన చేతిలోనే ఉండేది. సెలవుల్లో నేను టేపు పట్టి కొలుస్తుంటే, ఆయన ఎద్దు వీపు నిమురుతూ నన్నే చూశాడు.

"బొమ్మకు ఇన్ని కొలతలు యాలప్పా?" అన్నాడు.

స్కూలుకని చెప్పినా నమ్మలేదు. మర్నాడు తడిక తలుపుకు తాళం పడింది. నేను కోర్టుకు కాగితాలు తయారు చేస్తున్నానని ఆయన ఊళ్ళో అన్నాడట. లోపల ఏం దాస్తున్నాడోనని నాకూ అనుమానం పుట్టింది.

అప్పటికి రాసుకున్న కొలతలతోనే మా వసారాలో పని మొదలుపెట్టాను. తుమ్మపుల్లలు గుంజలయ్యాయి, బోదగడ్డి పైకప్పయింది. కొత్త పుల్లకు పాతదనం తేవడమే కష్టం. తుప్పు మేకులు నానిన నీళ్ళలో కరక్కాయ పొడి కలిపి పూస్తే బూడిదరంగు తిరిగింది. కప్పుకు కుంపటి పొగ పట్టించి, మట్టిగోడకు గోటితో బీటలు గీశాను. అది చూసి అమ్మ మెల్లగా అంది.

"ఆ కొలతల కాయితం పారేయొద్దు నాయనా. రేపు పంపకాల్లో పనికొస్తాది."

చిన్నాయన అనుమానానికి అంతవరకూ నవ్వుకున్నవాణ్ణి, ఇక నవ్వలేకపోయాను.

మూడోనాడు ఆయనే వచ్చి బొమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వెతికినట్టు శానాసేపు చూశాడు. చివరికి మూల గుంజ మీద వేలు పెట్టాడు.

"ఇది ఒరిగింది ఈ పక్కకు గాదప్పా, పడమటికి. మీ నాయన ఎత్తి పట్టుకోనుంటే నేను జారవిడిస్తి."

ఆ మాట తర్వాత ఆయన తల ఎత్తలేదు. నోటుబుక్కులోంచి కొలతల కాగితం చింపి చేతికిచ్చాను. చదువు రాని మనిషి, అటూ ఇటూ తిప్పి చూసి మొలలో దోపుకున్నాడు. అమ్మ రెండురోజులు నాతో మాట్లాడలేదు. చిన్నాయన మర్నాడే తాళం తీశాడు గానీ, నేను గుంజ ఒరుగు చూసుకున్నంతసేపూ పక్కనుంచి కదల్లేదు.

ఏడాది తిరక్కుండా, ఎవరూ అడగకముందే సగం కొట్టం మాకు వదిలాడు. అంత ఆలస్యంగా నమ్మాడేమని అప్పట్లో నొచ్చుకున్నాను. ఆయన వయసు నాకూ వచ్చి దాటిపోయాక, అంత తొందరగా ఎలా నమ్మాడా అనిపిస్తోంది.