గంజి పెట్టిన పాలగుడ్డలు

రాసుకో అమ్మలూ. నా చిన్నకూతురు, అదే మీ పిన్ని, బడికి తిరిగి వెళ్లాల్సిన రోజు దగ్గరపడుతోంది. చంటిది ఇంకా తల్లిపాలే తాగుతోంది. గొడవంతా అక్కడ మొదలైంది.

పురిటికొచ్చి మీ పిన్ని పలాసలో మా దగ్గరే ఉండిపోయింది. మీ చిన్నాన్నది మూలపేట పోర్టులో పని, ఆదివారం వచ్చి కూతుర్ని ముద్దాడి పోతాడు. మీ పిన్ని లెక్కలు చెప్పే బడేమో టెక్కలిలో. దానికి పాలు బాగా పడ్డాయి. ఎక్కడో ఎవరి పిల్లో ఏడిస్తే చాలు, జాకెట్టు ముందంతా తడిసిపోయేది. టీవీలో పిల్ల ఏడ్చినా అంతే! జాకెట్టులో పెట్టుకుని వాడి పారేసే ప్యాడ్లు కొనుక్కొస్తే, అవి ఒరుసుకుని ఒళ్లు ఎర్రగా కందిపోయింది.

ఓ రోజు గుమ్మంలో కూలబడింది. "అమ్మా, టెన్తు గుంటల ముందర నా జాకెట్టు తడిసినాదంటే మరి బడికెల్లనేను. డబ్బాపాలు అలవాటు సేసేద్దాం."

నోటితో అలా అంటోంది గానీ, చంటిదాన్ని ఒళ్లోంచి దించట్లేదు.

"ఉండే. నా మిషను నేదేటి? పాలు పీల్సే గుడ్డలు నాను కుట్టిత్తాను," అన్నాను.

పిల్ల పుట్టిన దగ్గర్నించీ ఆ కాలు మిషనుకి తీరికెక్కడిది చెప్పు? నా పాత నేత చీరలన్నీ గోచీలూ బొంతలూ అయిపోయాయి. పుట్టగానే దాన్ని చుట్టింది మీ తాత పాత పొందూరు పంచెలోనే. ఉతికేకొద్దీ మెత్తనయ్యే గుడ్డ అది. అలాంటిదే ఇంకోటి దండెం మీద కనబడింది. టీ సాసరు బోర్లించి సుద్దముక్కతో గుండ్రంగా గీసి కత్తిరించి, నాలుగు పొరలు కలిపి కుట్టి, చిన్న మడత వేసి డాట్ పట్టాను. డాట్ పడితే గుడ్డ గిన్నెలా ఒంపు తిరుగుతుంది, జాకెట్టులో చక్కగా ఇముడుతుంది.

మీ తాత స్నానం చేసి వచ్చారు. "ఏటే, నా పంచేదీ?"

"ఇదుగో, సాసర్లయిపోనాది."

"మరి నాను కట్టుకోడానికో?"

"లుంగీ నేదేటండీ?"

కుట్టినవన్నీ ఉతికాను. ఉతికి ఏం చేశానో ఊహించు. గంజి పెట్టాను! ఆఫీసు గుమాస్తాని కట్టుకున్నదాన్ని. ఇన్నేళ్లుగా తెల్లగుడ్డ తడిపితే నా చెయ్యి దానంతటదే గంజి గిన్నెలోకి పోతుంది. నవ్వకు, రాయి. పైగా ఇస్త్రీ కూడా చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, గొప్పగా మీ పిన్ని చేతిలో పెట్టాను. అది లోపలికెళ్లి పెట్టుకొచ్చింది. నడుస్తుంటే కరకరలాడుతున్నాయి.

"అమ్మా, ఇయి పాలగుడ్డలా, అప్పడాలా?"

"కొత్తయి కదే, మెత్తబడతాయి."

ఇంతలో చంటిది ఏడ్చింది. పాలు ఆ గుడ్డల మీద నిలిస్తేనా? జారి నడుం దాకా కారిపోయాయి. మీ పిన్ని నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. మీ తాత పేపరు అడ్డం పెట్టుకున్నారు గానీ, ఆ పేపరు ఊగిపోతోంది. "నా పంచి ఉసురు తగిలినాది," అన్నారు వెనకనించి.

వేడినీళ్లలో వేసి గంజంతా వదిలేదాకా ఉతికాను. అప్పుడు గుడ్డ పీల్చుకుంది, కానీ కాసేపటికి తడి ఇవతలికి వచ్చేస్తోంది. మధ్యలో టర్కీ తువ్వాలు ముక్క వేసి కుట్టాను. ఇంకొంచెంసేపు ఆగింది, అంతే. బస్సులో టెక్కలి వెళ్లి సాయంత్రం దాకా పాఠాలు చెప్పే మనిషికి అది ఏ మూలకి? బడి చూస్తే ఎల్లుండే.

అప్పుడు కనబడింది తలుపు వెనక మీ తాత నల్ల గొడుగు. గాలికి తిరగబడి పుల్లలు విరిగితే, బాగు చేయించుకుందామని అక్కడ పెట్టుకున్నారు. ఆయన కాశీబుగ్గ బజారుకి వెళ్లిన అదను చూసి గుడ్డ ఊడదీశాను. ఒంటివైపు పంచె, మధ్యన తువ్వాలు, బయటకి గొడుగు. నలుపు కనబడకుండా పైన పువ్వుల గుడ్డ. గొడుగు గుడ్డ మధ్యలో సూది దిగిందంటే ఆ కన్నంలోంచి తడి వచ్చేస్తుంది, అందుకని డాట్ మానేసి అంచునే చిన్న కుచ్చులు పెట్టి కుట్టాను. ఆ రోజు పేపరు మీద ఒకటి పరిచి గరిటెడు నీళ్లు పోశాను. ఎత్తి చూస్తే పేపరు పొడిగా ఉంది.

మీ తాత వచ్చి ఉత్త పుల్లల్ని చూశారు. "ముందు పంచి, ఇప్పుడు గొడుగు. రేపు నన్ను కూడా కత్తిరించీగలవు."

"మీరెందుకండీ, మీరు తడి పీల్సరు," అన్నాను.

బడి రోజు రానే వచ్చింది. మీ పిన్ని పొద్దున్నే పిండి ఉంచి వెళ్లిన తన పాలు చంటిదానికి చెంచాతో పడుతున్నానన్న మాటే గానీ, నా ప్రాణమంతా టెక్కలిలోనే ఉంది. సాయంత్రానికి ఒకటే వాన. ఇంట్లో ఉన్న రెండో గొడుగు మొన్న ఆదివారమే మీ చిన్నాన్న పట్టుకుపోయాడు. మీ తాత యూరియా బస్తా మడిచి నెత్తిన వేసుకుని బస్సుకి ఎదురెళ్లారు. ఇస్త్రీ చొక్కా మీద యూరియా బస్తా!

ఇద్దరూ తిరిగొచ్చారు. మీ పిన్ని తలనించి పాదాల దాకా ముద్దయిపోయింది.

"బస్తా ఏసుకోయే అంటే ఏసుకోనేదు టీసరమ్మ," అన్నారు మీ తాత.

నేను ఎదురు పరిగెత్తాను. "ఓలమ్మ, జాకెట్టంతా తడిసిపోనాదే!"

"బళ్లో ఒక్క సుక్క బైటికి రానేదమ్మా!" గుమ్మంలోంచే అరిచింది. "పక్కన అంగన్వాడీలో గుంటడొకడు గుక్కపట్టి ఏడిసినాడు. నాకు పాలు దిగిపోతన్నట్టు తెలుత్తంది. బయంబయంగా సూసుకున్నాను. పొడి! ఎంటనే తిరిగి లెక్క సెప్పేసినాను. ఇదంతా వానేనే!"

తల కూడా తుడుచుకోకుండా చంటిదానికి చేతులు చాచింది. పొడిచీర కట్టుకోవే అని నేను మొత్తుకుంటుంటే, చంటిది అప్పటికే ఆ తడిచీర మీదకి దూకేసింది. డబ్బాపాల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వాళ్ల బళ్లో ఇంకో టీచరమ్మకి నెలలు నిండుతున్నాయట, తనకీ కుట్టిపెట్టమందట.

"ఏ గొడుగుతోటి?" అన్నారు మీ తాత వెంటనే.

మర్నాడే కొత్త గొడుగు కొనుక్కొచ్చి, బీరువాలో పెట్టి తాళం వేశారు. వానాకాలంలో బీరువాలో గొడుగు! తాళంచెవి ఎప్పుడూ నా కొంగునే ఉంటుందన్న సంగతి మాత్రం ఆయనకింకా తట్టలేదు.