రోలర్ కింద నా సైలెన్సర్

ఇరవై మూడేళ్ల వయసులో లోకానికి చెప్పడానికి మన దగ్గర పెద్దగా ఏమీ ఉండదు; ఆ లోటును ఆ రోజుల్లో నేను బండి చప్పుడుతో పూడ్చుకునేవాణ్ని. హనుమకొండలో ఒక పత్రికలో ట్రైనీ విలేకరిని. సెకండ్ హ్యాండ్ బండి కొనగానే పరకాలలో మెకానిక్‌గా ఉన్న మా మేనమామ దగ్గరికి తీసుకెళ్లి, సైలెన్సర్ లోపల శబ్దాన్ని మింగే చిల్లుల గొట్టాన్నీ, పొగను శుభ్రం చేసే ముక్కనూ పీకేయమన్నాను. "మంచిగున్న బండికి దగ్గెందుకురా అల్లుడా?" అన్నాడు మామ. (అంటూనే పీకాడు, అల్లుడి మాట కాదనలేని మనిషి.) ఆ తర్వాత నేనింకా వీధి మలుపు తిరగకముందే మా అమ్మ చాయ్ పొయ్యి మీద పెట్టేసేది.

ఉద్యోగం పర్మనెంట్ అయ్యే వేళకు బ్యూరో సార్ ఒక పరీక్ష పెట్టారు. "పోలీసోళ్లు పట్టుకున్న చప్పుడు సైలెన్సర్లను రేపు రోడ్డు మీద పరిచి రోలర్‌తోటి తొక్కిస్తరట. ఫొటో, వార్త పన్నెండు కొట్టేసరికి నా టేబుల్ మీదుండాలె. బాగుంటేనే నీ కాయితం మీద సంతకం." మర్నాడు ఆ చోటు ఇంకా ఫర్లాంగు దూరంలో ఉండగానే ఇంజన్ ఆపేసి, ఏమీ ఎరగనట్టు బండిని తోసుకుంటూ వెళ్లాను. నా చెమట చూసి ఒక హోంగార్డు జాలిపడ్డాడు. "ఖరాబైందా అన్నా? జర ఇటియ్యి" అంటూ నేను వద్దనేలోపే తాళం తిప్పి కిక్కు కొట్టాడు. జన్మలో మొదటి కిక్కుకు స్టార్ట్ కాని బండి ఆ రోజు అయింది. రోలర్ డ్రైవర్ కూడా వెనక్కి తిరిగి చూశాడు.

ఇన్‌స్పెక్టర్ నా జేబులో నోట్‌బుక్ చూసి, "వార్త రాయనీకొచ్చినవా, వార్తల పడనీకొచ్చినవా?" అన్నాడు. "రెండిటికీ సార్" అని నోరు జారాను. నవ్వాడు గానీ వదల్లేదు. నా సైలెన్సర్‌ను ఊడదీయించి వరసలో మొదట పెట్టించాడు. నేనే ఫొటో తీసుకున్నాను. రోలర్ పోయాక అది సర్వపిండి రొట్టెలా పలచబడింది. "గిట్లనే స్టార్ట్ జేస్తివో, బండి సుత పోతది" అన్న హెచ్చరికతో ఆఫీసు దాకా మళ్లీ తోసుడే.

పన్నెండుకు పది నిమిషాలుందనగా చేరి, కూర్చోకుండానే వార్త రాసిచ్చాను. సార్ ఒక వాక్యం దగ్గర ఆగారు. "ఒక యువకుడి సైలెన్సర్ కూడా... ఎవడీ యువకుడు? పేరేది?" తెలవలేదంటే సరిపోయేది. పర్మనెంట్ కాగితం ఆయన మోచేతి కిందే ఉంది. మసి అంటిన చేతులు వెనక్కి పెట్టుకుని, "నేనే సార్" అన్నాను. ఆయన పెన్ను మూత తీశారు. తర్వాత 'ఒక యువకుడి' కొట్టేసి 'ఈ విలేకరి' అని రాశారు. అదే పెన్నుతో మోచేతి కింది కాగితం మీద సంతకం చేశారు. "ఇగ చప్పుడు రాతల చెయ్యి, పో."

ఇప్పుడు నాది బ్యాటరీ స్కూటర్. మొన్న ఒక కుర్రవాడు బండిని పటపటలాడిస్తూ నన్ను దాటిపోతే, సిగ్నల్ దగ్గర పట్టుకుని ఏదో చెప్పబోయాను. "సైలెన్సర్ మల్ల మంచిగ పెట్టించుకుంట, ఫికర్ జెయ్యకు అంకుల్" అన్నాడు, నేను నోరు తెరవకముందే. పెట్టించుకుంటాడనే నా నమ్మకం. ఆ 'అంకుల్' మాత్రం ఇల్లు చేరేదాకా చెవుల్లో మోగుతూనే ఉంది.