వదినగారింట్లో తోమిన వెండి గ్లాసు

“గ్లాసులెందుకు తోమేశావు అమ్మమ్మా? ఇల్లంతా కడిగేశావు!”

“శవం లేచిన ఇల్లు కడక్కుండా ఉంచుతారుటే? మీరొస్తారని నాకేమన్నా కల వచ్చిందా?”

“ఒక్క వేలిముద్ర లేదు. ఇంత శుభ్రం మా లాబ్‌లోనే ఉండదు.”

“ఉండకపోతే నేర్చుకోండి. సబ్బు కూడా దండగ చెయ్యలేదు, చింతపండూ బూడిదే.”

మా అమ్మాయి కూతురు రాజమండ్రిలో పోలీసుల క్లూస్ టీమ్‌లో పనిచేస్తుంది. మా తగాదా పక్కింటి వదినగారి గురించి. ఒంటరిగా ఉండే మనిషి. కుర్చీలో కూర్చున్నట్టే పోతే గుండెపోటనుకుని దహనం చేశాం. పదోనాడు బీరువా తెరిస్తే బంగారం లేదు. అంతకుముందే పక్క ఊళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళు అలాగే పోయారు. వాళ్ళలో రెండో ఆవిడ కడుపులో విషం ఉందని అప్పుడే రిపోర్టు వచ్చింది.

“మూడిళ్ళలోనూ తాళం పగల్లేదు,” అంది మనవరాలు, కాస్త తగ్గి. “ఒక పద్ధతి కుదిరితే ఇలాంటివాడు దాన్ని వదలడు. మళ్ళీ చేస్తాడు. ఎవరొచ్చారో బయటికి చెప్పని వాళ్ళనే ఎంచుకుంటున్నాడు. పోనీ, ఆరోజు ఏమేం తోమావో చెప్పు.”

“రెండు పళ్ళేలు. ఒక స్టీలు గ్లాసు. ఒక వెండి గ్లాసు.”

అన్నాక గుర్తొచ్చింది. ఆ వెండి గ్లాసు గుడ్డలో చుట్టి బీరువాలో ఉండేది. వదినగారు దాన్ని సంబంధం చూడ్డానికొచ్చే పెళ్ళివారికి తప్ప తీసేది కాదు. తన మనవరాలికి సంబంధం చూస్తున్నానని నాకొక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకుంది. కుదిరేదాకా మాట గడప దాటకూడదు. దాటి, సంబంధం తప్పిపోయిందంటే పిల్లకే పేరు పడుతుంది. మా వైపు ఆడవాళ్ళందరం ఇలాగే గుట్టుగా ఉంటాం. పెళ్ళివారని ఎవడైనా వస్తే బీరువా తెరిచి, పిల్లకి పెట్టబోయే బంగారం మేమే చూపిస్తాం. ఆరోజు వచ్చినవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

మా మనవరాలికి మెల్లగా చెప్పాను.

“స్టేషన్లో చెప్పాలి అమ్మమ్మా.”

“ఒట్టు వేశానే. రేపు ఆ పిల్లకి పెళ్ళి కాకపోతే నువ్వు చేస్తావేంటి?”

“నాలుగో ఆవిడ పోతే?”

ఒట్టు తప్పితే పాపం నాకు. తప్పకపోతే ఇంకో ముసలమ్మ ప్రాణం.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి స్టేషనుకు వెళ్ళాను. అంతా చెప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టాను. ఎస్సైగారు నా ముందే మిగతా రెండిళ్ళకీ ఫోను చేశారు. రెండిళ్ళలోనూ ఎవరికీ చెప్పకుండా పిల్లలకి సంబంధాలు చూస్తున్నారట.